పాటలో పట్టని మాట

అక్క పోయిందని నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది. పోయిన మంగళవారం పొద్దున, జార్జియాలో, కమ్మింగ్‌లో మా అమ్మాయి ఇంట్లో మనవరాలికి జడ వేస్తుంటే ఆరిజోనా నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అక్క తమ్ముడి కూతురు. అక్క నిద్రలోనే పోయిందనీ, చివరి రెండేళ్ళూ వృద్ధుల హోమ్‌లో ఉందనీ, చర్చిలో ప్రార్థనకి పద్నాలుగు మంది వచ్చారనీ చెప్పింది. సామాను సర్దుతుంటే క్రిస్మస్ కార్డుల కట్ట ఒకటి దొరికిందట. అన్నీ నేను పంపినవే. అన్నిటికంటే పైనున్న కార్డు మీద నంబరు చూసి ఫోన్ చేసింది. ఆ కార్డు మూడేళ్ళ కిందటిది. ఆ తర్వాత నేను పంపలేదు. ఎందుకు పంపలేదంటే చెప్పుకోవడానికి నాకు ఒక కారణం కూడా లేదు.

ఫోన్ పెట్టేసేముందు ఆ అమ్మాయి ఒక మాట అడిగింది. "మా అత్త ఆ పాట గురించి మీకేమైనా చెప్పిందా? మా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు ఎవరెవరో ఫోన్ చేసి అడుగుతున్నారు." రేపు చేస్తానమ్మా అని పెట్టేశాను. జడ సగంలో ఉంది. మిగతా సగం ఎలా వేశానో నాకు గుర్తు లేదు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. ఆరిజోనాలో, చాండ్లర్‌లో మా పక్క వాటాలో ఉండిన అమెరికన్ ఆవిడ. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. పేరు పెట్టి పిలవమంటే నాకు నోరు రాలేదు. మావైపు పెద్దవాళ్ళని పేరుతో పిలవరు, అక్కా అంటారు అని చెప్పాను. అయితే అదే బాగుంది, అలాగే పిలువు అంది. ఆ తర్వాత నాకు రాసిన ప్రతి కార్డు కిందా అదే సంతకం. ఇంకెవరికీ ఆవిడ అక్క కాదు.

ఏ పాటో పేరు రాయను. అక్క ఎప్పుడూ దాన్ని పేరుతో అనలేదు, "ఆ కుక్క పాట" అనేది. ఈ దేశంలో కొన్నాళ్ళు ఉన్న ఎవరైనా దాన్ని వినే ఉంటారు. మొదట ఒక్క గిటారు నింపాదిగా మొదలవుతుంది. తర్వాత డ్రమ్స్. ఆపైన బొంగురు గొంతుతో ఒకాయన, ఇల్లు వదిలి వెళ్ళిపోయిన భార్య రాసిపెట్టిన చీటీని చదువుతున్నట్టు పాడతాడు. కుక్కకి నీళ్ళు పెట్టు, వెనక తలుపు గడియ వెయ్యి, నా కోసం ఎదురు చూడకు. పల్లవి వచ్చేసరికి స్టేడియంలో జనమంతా లేచి నిలబడి పాడతారు. పికప్ ట్రక్కుల అడ్వర్టైజ్‌మెంట్‌లో పెట్టారు. పెళ్ళి రిసెప్షన్లలో కూడా వేస్తారు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. నాలుగేళ్ళ కిందట మా అల్లుడి ఆఫీస్ పిక్నిక్‌లో మన పిల్లలే గిటారు పట్టుకుని పాడారు. నేను ప్లేటు పట్టుకుని అవతలికి వెళ్ళిపోయాను.

నేను చాండ్లర్ వచ్చింది డెబ్బై తొమ్మిది జూన్‌లో. పుట్టి పెరిగింది చీరాల. మా నాన్న మా చర్చి సంఘంలో హార్మోనియం వాయిస్తూ కీర్తనలు పాడించేవాడు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు పాడుతూనే ఉండేవాళ్ళు. అక్కణ్ణించి వచ్చి పడ్డాను. అప్పటి చాండ్లర్ ఇప్పుడున్న చాండ్లర్ కాదు. పత్తి చేలు, పశువుల మేత పండించే పొలాలు, మధ్యలో కాలవలు, మధ్యాహ్నమైతే పొయ్యి మూత తీసినట్టు వేడి. కంప్యూటర్ చిప్స్ ఫ్యాక్టరీ కొత్తగా వచ్చింది, మావారి ఉద్యోగం అందులో. ఉన్న ఒక్క కారూ ఆయన తీసుకుని పొద్దున్నే వెళితే సాయంత్రానికి రావడం. తెలుగు మాట వినాలంటే నెలకోసారి పక్క ఊరు టెంపీలో చదువుకునే స్టూడెంట్లు ఎవరైనా భోజనానికి రావాలి.

మాది ఒకే కప్పు కింద రెండు వాటాల ఇల్లు. మధ్య గోడ అట్టలాంటిది. అవతల నుంచి రోజంతా కుట్టుమిషన్ శబ్దం వచ్చేది. కాసేపు పరుగెత్తి ఆగేది, మళ్ళీ పరుగెత్తేది. మొదటి రెండు నెలలూ నాకు తోడు ఆ శబ్దమే. అది ఆగితే నేను కూడా చేస్తున్న పని ఆపి వినేదాన్ని.

ఒకరోజు పెరట్లో చీరలు ఆరేస్తుంటే ఒకావిడ వచ్చి తీగ పక్కన నిలబడింది. నోట్లో రెండు గుండుసూదులు. వాటిని తీసి కాలరుకి గుచ్చుకుని, చీర కొస పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది. ఇది ఎవరు కుట్టారు అని అడిగింది. ఎవరూ కుట్టలేదు, ఇలాగే కట్టుకుంటాం అన్నాను. "ఆరు గజాల గుడ్డ. ఒక్క కుట్టు కూడా లేదా?" అంటూ మళ్ళీ ఒకసారి మొదటి నుంచీ చూసుకుంటూ వచ్చింది. ఆవిడ వెనకే గోధుమరంగు ముసలి కుక్క, ఒక చెవి కొస తెగి ఉంది. గాలికి చీర ఎగిరితే అది భయపడి ఇంట్లోకి పోయింది.

అక్క పని ఆల్టరేషన్లు. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, పెళ్ళి గౌన్లు వదులు చెయ్యడం. పని చేస్తూ నాతో మాట్లాడేది. ఏ బట్ట పొట్టి చేసినా మిగిలిన గుడ్డ కత్తిరించేది కాదు, లోపలికి మడిచి కుట్టేది. "లోపల రెండంగుళాలు వదులు. పిల్లలు ఎదుగుతారు, పెద్దవాళ్ళకి మనసు మారుతుంది" అనేది. నాకు కారు నడపడం నేర్పింది కూడా ఆవిడే, తన పాత ఆకుపచ్చ స్టేషన్ వ్యాగన్‌లో. ఎండలో పెట్టిన కారు స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది. ఓవెన్‌లోంచి గిన్నెలు తీసే దూది తొడుగులు రెండు కారులోనే ఉంచుకునేది. అవి వేసుకుని కాలవ గట్టు రోడ్డు మీద డ్రైవ్ చేసేదాన్ని. వెనక ఎవరైనా హారన్ కొడితే నేను బెదిరిపోయేదాన్ని. "వాళ్ళ తొందర వాళ్ళది. నువ్వు నీ ముందు చూసుకో" అనేది, అంతే.

ఆ రోజుల్లో రేడియో పెడితే ఆ పాటే. అది వచ్చి అప్పటికి రెండేళ్ళు. నేను పూర్తిగా నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు పాట అదే. పూర్తిగా అంటే మాటలు సగం తప్పు. ట్యూన్ మాత్రం రెండోసారి వినగానే పట్టేసింది, మా నాన్న కూతుర్ని కదా. అంట్లు తోముతూ పాడేదాన్ని, బట్టలు మడుస్తూ పాడేదాన్ని. నా కోసం ఎదురు చూడకు అని గట్టిగా పాడితే మా అమ్మకి చెబుతున్నట్టు ఉండేది. పాడాక కాస్త ఏడిస్తే మనసు తేలికపడేది. గోడకి అవతల కుట్టుమిషన్ ఉన్నట్టుండి గట్టిగా పరుగెత్తేది. పని తొందర కాబోలు అనుకునేదాన్ని. అలా దాదాపు రెండేళ్ళు పాడాను.

ఒకసారి ఇద్దరం సరుకుల స్టోర్‌లో ఉన్నాం. పైన స్పీకర్లలో ఆ పాట వచ్చింది. డబ్బాలు సర్దుతున్న పనివాడు గొంతు కలిపాడు. పక్క వరసలో ఒకామె పాలు తీసుకుంటూ పాడింది. నేను కూడా అందుకున్నాను. తిరిగి చూస్తే అక్క లేదు. బండి అక్కడే ఉంది, అందులో సరుకులన్నీ ఉన్నాయి. బయట కారులో కూర్చుని ఉంది. ఏమైందంటే తలనొప్పి అంది. నేను నమ్మాను.

ఎనభై ఒకటి జూలైలో అనుకుంటాను, మధ్యాహ్నం పెద్ద దుమ్ము తుఫాను వచ్చింది. ఆకాశమంత ఎత్తున ఎర్రటి గోడ కదిలి వచ్చినట్టు వచ్చి ఊరిని మింగేసింది. కరెంటు పోయింది. నేను భయపడి అక్క వాటాలోకి పరుగెత్తాను. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కి ఇద్దరం నేల మీద కూర్చున్నాం. మిషన్ లేదు, రేడియో లేదు, బయట గాలి ఒకటే హోరు. కుక్క అక్క ఒళ్ళో తల పెట్టుకుని వణుకుతోంది. నాకు భయం వేస్తే పాడటం అలవాటు. ఆ పాటే వచ్చింది నోటికి.

"అది ఆపుతావా, హనీ" అంది అక్క. నన్ను ఆపమని ఎప్పుడూ అనలేదు. నేను ఆపేశాను. కుక్క తల నిమురుతూ మళ్ళీ తనే అంది, "అందులో వెళ్ళిపోయిన మనిషిని నేను."

నా ఇంగ్లీషు సరిగా అందలేదేమో అనుకున్నాను. మళ్ళీ చెప్పమన్నాను. అప్పుడు మొత్తం చెప్పింది.

టూసాన్‌కి అవతల ఒక చిన్న ఊళ్ళో అక్కా, ఆవిడ భర్తా అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు. ఆయన పొలాల్లో నీళ్ళ పంపులు రిపేరు చేసేవాడు, వారానికి రెండు మూడు రోజులు బార్లలో గిటారు వాయించేవాడు. ఒకరోజు సాయంత్రం ఆయన పక్క ఊళ్ళో పాడటానికి వెళ్ళాక ఫోన్ వచ్చింది. చాండ్లర్‌లో ఉన్న అక్క తల్లికి పక్షవాతం వచ్చి పడిపోయింది. రెండు గంటల దూరం. అక్క సరుకులు తెచ్చిన కాగితం సంచీ చింపి దాని మీద నాలుగు లైన్లు రాసి వంటింట్లో టేబుల్ మీద పెట్టి బయల్దేరింది. కుక్కకి నీళ్ళు పెట్టు. వెనక తలుపు గడియ వెయ్యి. నా కోసం మేలుకుని కూర్చోకు. అమ్మకి బాగోలేదు, రేపు ఫోన్ చేస్తాను.

మేలుకుని కూర్చోకు అని తను రాసింది. ఆలస్యమవుతుంది, నువ్వు పడుకో అని దాని అర్థం. ఇంగ్లీషులో దానికీ, ఎదురు చూడకు అనడానికీ తేడా 'అప్' అనే ఒక్క చిన్న మాట. పాటలో ఆ చిన్న మాట పోయింది.

పాట మొదట విన్నది కూడా అక్కేనట. రెండు వారాల తర్వాత ఆయన ఫోన్‌లో గిటారు వాయించి వినిపించాడు. పక్కన తల్లి నిద్రపోతుంటే నవ్వు ఆపుకోలేక దిండులో మొహం పెట్టుకుందట. కుక్క నీళ్ళ మీద పాట ఏమిటని. "చాలా బాగుంది అన్నాను. ఆ మాట అన్నది నేనే" అని అక్క నాతో రెండుసార్లు చెప్పింది. అమ్మ లైను ఏది అని అడిగితే, అది ట్యూన్‌లో పట్టలేదు అన్నాడట. "నాకేమీ తప్పనిపించలేదు. నేను కూడా వేళ్ళ మీద తాళం వేసి చూశాను. నిజంగానే పట్టదు."

తల్లికి కుడివైపు పూర్తిగా పడిపోయింది. అక్క అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. ఆయన మొదట్లో ఆదివారాలు వచ్చేవాడు. ఈలోగా ఎవరో ఆ పాట విని లాస్ ఏంజెలెస్ తీసుకెళ్ళి రికార్డు చేయించారు. నెలల్లో దేశమంతా పాకింది. ఎక్కడికి వెళ్ళినా ఆయన్ని ఒకటే అడిగేవాళ్ళు, ఆవిడ ఎందుకు వెళ్ళిపోయింది అని. మొదట ఎవరూ వెళ్ళిపోలేదు అని చెప్పేవాడట. తర్వాత చెప్పి చెప్పి విసిగాడు. తర్వాత జనానికి కావలసిన కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆపైన తనే నమ్మాడు. చివరిసారి వచ్చినప్పుడు కుక్కని తెచ్చి ఇక్కడ దింపి, నువ్వు తిరిగి రాలేదు కదా అన్నాడట. అమ్మకి అన్నం ఎవరు పెడతారు అని అక్క అడిగింది. మరుసటి ఏడు తల్లి పోయింది. ఆ తర్వాత విడాకుల కాగితాల మీద సంతకాలు.

"నేను ముందు పాటలో వెళ్ళిపోయాను" అంది అక్క. "తర్వాత నిజంగా వెళ్ళడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు."

గాలి తగ్గింది. కుక్క లేచి వెళ్ళి గిన్నెలో నీళ్ళు తాగింది. దేశమంతా పాడుకుంటున్న కుక్క ఇదే. మా వీధి పిల్లలు దీని మీద రాళ్ళు వేసేవాళ్ళు.

ఇంటికి వచ్చాక నాకు తిండి సయించలేదు. రెండేళ్ళు గోడకి ఇవతల నిలబడి ఆవిడ మొహం మీద ఆ పాట కొట్టాను. రేడియో అయితే కట్టేసుకోవచ్చు. నన్నెలా కట్టేస్తుంది? ఆ రోజు నుంచి పాడటం మానేశాను. ఆ పాటే కాదు, ఏదీ పాడలేదు. గోడకి అటు కుట్టుమిషన్, ఇటు నేను, మధ్యలో ఒక్క మాట లేకుండా పదిహేను రోజులు గడిచాయి.

అక్కే వచ్చింది. చేతిలో నా జాకెట్టు ఉంది, చేతులు వదులు చెయ్యమని ఎప్పుడో ఇచ్చింది. పాడటం ఎందుకు మానేశావు అని అడిగింది. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. క్షమించమన్నాను. అక్క కుర్చీలో కూర్చుని జాకెట్టు మీద దారప్పోగులు ఏరుతూ అంది, "నువ్వు పాడేటప్పుడు మాటలు సగం తప్పు. కుక్కకి బదులు తలుపుకి నీళ్ళు పెట్టమంటావు. అందుకే నాకు అది ఒక్కటే భరించేలా ఉండేది. రేడియోలో వచ్చినప్పుడు మిషన్ తొక్కుతాను, నిజమే. నీ పాటకి కూడా మొదట్లో తొక్కాను. తర్వాత ఆపి వినేదాన్ని."

కుట్టుమిషన్ ఆగితే నేను ఇవతల చెవి ఒగ్గి వినేదాన్నని చెప్పాను కదా. ఆవిడ కూడా అవతల అదే చేసింది. ఒక గోడకి చెరోవైపు ఇద్దరు ఆడవాళ్ళం, ఎవరి పని వాళ్ళం ఆపుకుని.

అలా అని తర్వాత రోజులు సంతోషంగా గడిచాయని రాయలేను. నాకు ఎనభై నాలుగులో అమ్మాయి పుట్టింది. చాండ్లర్‌కి తెలుగు కుటుంబాలు ఒక్కొక్కటే వచ్చాయి. శనివారం భోజనాలు, ఆదివారం ఎవరింట్లోనో తెలుగు ఆరాధన. నా ఇల్లు నిండుతున్నకొద్దీ అక్క ఇల్లు ఖాళీ అయింది. కుక్క ఎనభై రెండులోనే పోయింది. ఆ పాటలో మనిషి ఈవిడే అని ఎవరైనా కనిపెడితే చాలు, మొదటి ప్రశ్న ఎందుకు వెళ్ళిపోయావు అనే. ఒకసారి ఒక పెళ్ళికూతురు గౌను అంచు సరిచేయించుకోవడానికి వచ్చి, ఆవిడెవరో ఎలాగో తెలిసి, అంత మంచి మనిషిని వదిలి ఎలా వెళ్ళావు అని అడిగింది. అక్క నోట్లో గుండుసూదులు ఉన్నాయి. అవి తియ్యలేదు. గౌను అంచు పూర్తిచేసి పంపేసింది.

ఎనభై ఆరులో ఒక రేడియో మనిషి వచ్చాడు. పేరున్న పాటలు ఎలా పుట్టాయో ఒక ప్రోగ్రాం చేస్తున్నాడట. కుర్రవాడేమీ కాదు, మర్యాద తెలిసినవాడే. వారం ముందు ఫోన్ చేసి అడిగి వచ్చాడు. అక్క అంతకుముందు అందరికీ వద్దనే చెప్పింది. ఈసారి ఎందుకో సరే అంది. నన్ను పక్కన కూర్చోమంది. ఆ పొద్దున తన జుట్టు తనే కత్తిరించుకుని, ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుంది. రేడియోలో చొక్కా కనపడదు అన్నాను. నాకు కనపడుతుంది కదా అంది.

ఆయన టేప్ రికార్డర్ టేబుల్ మీద పెట్టి, ముందు ఒక ఫొటో చూపించాడు. లాస్ ఏంజెలెస్‌లో ఏదో రెస్టారెంట్ గోడ మీద ఆ చీటీని అద్దాల ఫ్రేములో పెట్టారట. జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారట. అక్క ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూసింది. గోధుమరంగు కాగితం, అక్క అక్షరాలు, మూడు లైన్లు.

"కింద మడిచారా, చింపేశారా?" అని అడిగింది.

ఆయనకి అర్థం కాలేదు. కింద ఇంకో లైను ఉండాలి అని చెప్పింది. ఆయనకి తెలియదన్నాడు. ఫ్రేము లోపల ఎలా ఉందో తను చూడలేదన్నాడు. అక్క ఫొటో తిరిగి ఇచ్చి కూర్చుంది. తర్వాత గంటసేపు మాట్లాడింది. నాతో దుమ్ము తుఫానులో చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచి, నెమ్మదిగా, ఏ మాటా వదలకుండా చెప్పింది. అమ్మ ఏ గదిలో పడిపోయిందీ, ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం ఎన్నాళ్ళకి వచ్చిందీ, చివరికి తన పేరు ఎలా పలికేదీ. భర్తని ఒక్క మాట అనలేదు. రేడియో మనిషి చివర్లో కుక్క ఏమైంది అని అడిగాడు. "కుక్క బాగానే ఉంది. నా దగ్గరే ఉండి ముసలిదై పోయింది" అంది.

ప్రోగ్రాం రెండు నెలలకి ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మా ఇంట్లో విన్నాం. నేను టీ పెట్టాను. మావారు అమ్మాయిని ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళారు, గొడవ చెయ్యకుండా. మొదట గిటారు, తర్వాత ఆ గొంతు, తర్వాత ఎవరెవరో పెద్దవాళ్ళు ఆ పాట విన్నప్పుడు తాము ఎక్కడున్నారో చెప్పారు. ఒకాయన సైన్యం నుంచి ఇంటికి వస్తూ విన్నాడట. ఒకామె విడాకుల రోజు విన్నదట. చివరిలో, ఆ పాటలోని మనిషిని మేం కలిశాం అన్నాడు రేడియో మనిషి. అక్క కప్పు కింద పెట్టింది. అక్క గొంతు వచ్చింది. "కుక్క బాగానే ఉంది." అంతే. మళ్ళీ పల్లవి, ప్రోగ్రాం అయిపోయింది.

నేను అక్క వంక చూడలేకపోయాను. గంట మాట్లాడితే ఆ ఒక్క మాట ఉంచారు.

"ఈసారి కూడా అమ్మ పట్టలేదు" అంది. నవ్వింది కూడా. తర్వాత చల్లారిన టీ పూర్తిగా తాగి, కప్పు కడిగి బోర్లించి, ఇవతల వాటాలోంచి అవతల వాటాలోకి వెళ్ళింది. ఆ సాయంత్రం మిషన్ శబ్దం రాలేదు.

ఫోన్ వచ్చిన మర్నాడు, బుధవారం, నేను అక్క మేనకోడలికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. నాలుగో లైను కూడా చెప్పాను. మా నాయనమ్మ గురించా అని అడిగింది ఆ అమ్మాయి. అవును, మీ నాయనమ్మ గురించే అన్నాను. తన ఇంట్లో కూడా అందరూ పాటలో ఉన్నదే నిజమనుకున్నారట. అడిగేవాళ్ళకి చెప్పాలా వద్దా అని అడిగింది. అక్క ఒకసారి నోరు తెరిచి చెప్పింది, వినడం వాళ్ళ వంతు అన్నాను. ఏం చేస్తుందో నాకు తెలియదు. నేను మాత్రం తెలుగులో రాస్తున్నాను. ఇక్కడ తాళానికి సరిపోవాల్సిన అవసరం లేదు.

ఇంకొక్కటి రాసి ఆపుతాను. ఎనభై ఎనిమిది నవంబరు, మేం మావారి కొత్త ఉద్యోగానికి చాండ్లర్ వదిలి వెళ్ళడానికి రెండు వారాల ముందు. ఒక శనివారం పొద్దున ఊళ్ళో పరేడ్. ఆ ఏడు హైస్కూల్ బ్యాండ్ పిల్లల యూనిఫామ్‌లు అన్నీ అక్కే సరిచేసింది. పరేడ్ చూడటానికి కాదు, ప్యాంటు అంచులు చూడటానికి వస్తున్నాను అంది. రోడ్డు పక్కన నిలబడి నిజంగానే కింద కాళ్ళ వైపే చూసింది. ఎవరో ఒకరి ప్యాంటు అరంగుళం ఎక్కువైందని గొణుక్కుంది.

బ్యాండ్ మా ముందుకి వచ్చాక పాట మార్చారు. ట్రంపెట్లు ఎత్తుకున్న మొదటి నాలుగు స్వరాలకే నాకు తెలిసిపోయింది. అక్క చెయ్యి పట్టుకున్నాను, వెళ్ళిపోదామా అన్నాను. తను కదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పాడటం మొదలుపెట్టబోయారు కానీ బ్యాండ్ చాలా వేగంగా వాయిస్తోంది, మాటలు అందలేదు, ఊరుకున్నారు. ఇత్తడి మోత, డ్రమ్ములు, అంతే.

అక్క తల పైకెత్తి వింటోంది. "మాటలు రాకముందు రెండేళ్ళు ఇది ఇలాగే ఉండేది" అంది. "పంపులు రిపేరు చేస్తూ ఈలవేసేవాడు. నేను బట్టలు ఆరేస్తూ వినేదాన్ని."

తర్వాత నా చెయ్యి వదిలి రోడ్డు మీదికి దిగింది. బ్యాండ్ పక్కనే నడవడం మొదలుపెట్టింది, వాళ్ళ వేగానికి సరిపోయేలా. నేను మా అమ్మాయిని నడిపించుకుంటూ కొంత దూరం వెళ్ళాను. జనం అడ్డొచ్చారు, వెనకబడిపోయాను. మలుపు దగ్గర ట్రంపెట్లు ఎండకి ఒక్కసారి మెరిసి పక్కకి తిరిగాయి. వాటి వెంట అక్క కూడా తిరిగింది, చేతులు రెండూ ఊపుకుంటూ, వెనక్కి చూడకుండా.